చివరి నల్లా దగ్గర పరీక్ష

(తాండూరులో ఆదివాసీ, గిరిజన యువత కూర్చున్న ఒక సమావేశంలో మాట్లాడిన మాటలు. చదివేవాళ్ల కోసం కొద్దిగా సరిచేసి రాసిన.)



నేను ఒక తప్పు చేసిన. ఇయ్యాల దానితోనే మొదలుపెడతా. ఎందుకంటే ఆ తప్పు మీలో ఎవరైనా చేయవచ్చు. చదువుకున్నోళ్లే చేసే తప్పు అది.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన. ఇంటర్‌లోనే హాలోఫాం చర్య అని ఒక పాఠం ఉంటది. అసిటోన్‌లో బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్లోరోఫాం తయారైతది. డిగ్రీలో ఉండంగా ఇంకో సంగతి తెలిసింది. తాగే నీళ్లలో కలిపే క్లోరిన్ కూడా నీళ్లలో ఉన్న ఆకు రసం, మట్టి, నాచులతో కలిసి అదే క్లోరోఫాంను, దాని చుట్టాలను కొద్ది కొద్దిగా తయారు చేస్తదని. వాటి వల్ల క్యాన్సర్ రావచ్చని చదివిన. అంతే, సెలవులకు తండాకు పోయినప్పుడు మా ట్యాంకు దగ్గర బ్లీచింగ్ వాసన గుప్పుమంది. వాట్సాప్‌లో స్టేటస్ పెట్టిన, 'మన తండాలో నల్లా నీళ్లు తాగితే క్యాన్సర్' అని.

మా తండాలో డిగ్రీ దాకా పోయిన ఆడపిల్లలు తక్కువ. కాబట్టి నా మాట విన్నరు. నీళ్లు ఇడిచే కాకా బ్లీచింగ్ కలపడం ఆపేసిండు. కొంతమంది పాత బోరుకు పోయిన్రు, ఇంకొంతమంది వ్యవసాయ బావికి పోయిన్రు. డబ్బులున్నోళ్లు ఇరవై లీటర్ల క్యాన్లు తెచ్చుకున్నరు. రెండు వారాలకు వానలు మొదలైనయి. ఆ తర్వాత మా చిన్నాయన కొడుక్కి, నాలుగేండ్ల పిల్లగానికి, వాంతులు విరేచనాలు పట్టుకున్నయి. ఆటోలో వేసుకొని దవాఖానకు పోతుంటే వాని కండ్లు లోపలికి పోయినయి. రెండు రోజులు సెలైన్ ఎక్కించిన్రు. బతికిండు. మా దాది నాతో ఒక్కటే మాట అడిగింది: "బిడ్డా, నువ్వు చెప్పిన క్యాన్సర్ ఎప్పుడొస్తదో తెల్వదు. గీ రోగం నిన్ననే వచ్చింది. ఏది ముందు చూడాలె?"

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ జవాబు వెతుక్కుంటనే నేను ఇప్పుడు మీ ముందు నిలబడ్డ.

ముందు క్లోరిన్ చేసే మేలు చెప్తా. కలరా, టైఫాయిడ్, అతిసారం మురుగు కలిసిన నీళ్ల ద్వారా వస్తయి. క్లోరిన్ ఆ క్రిములను చాలావరకు చంపుతది. అంతేకాదు, కొంచెం క్లోరిన్ నీళ్లలో మిగిలి ఉంటే పైపులో, ట్యాంకులో మళ్లీ క్రిమి చేరినా పనిచేస్తది. దాన్నే మిగులు క్లోరిన్ అంటరు. 2009 మే నెలలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో తాగునీళ్లలో మురుగు కలిసి పదిమందికి పైగా చనిపోయిన్రు. అది రాజధాని నడిబొడ్డున ఉన్న బస్తీ. ఉట్నూరు, ఆసిఫాబాద్ ఏజెన్సీ గూడేల్లో వానాకాలం వచ్చిందంటే వాంతులు విరేచనాల భయం ఎట్లుంటదో అక్కడి మన అన్నదమ్ములను అడిగితే చెప్తరు. కాబట్టి క్లోరిన్ వద్దు అనే మాట మన నోటి నుంచి రావొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెప్తది. ఉప ఉత్పత్తులను తగ్గించే ప్రయత్నంలో క్రిమి సంహారం ఏమాత్రం బలహీనపడొద్దని.

మరి ఉప ఉత్పత్తుల సంగతి అబద్ధమా? కాదు. అది కూడా నిజమే.

1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డాం నగర నీటి సంస్థలో పనిచేసే యోహన్నెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతి బయటపెట్టిండు. నదిలో లేని క్లోరోఫాం, క్లోరిన్ కలిపిన తర్వాత నల్లా నీళ్లలో కనబడ్డది. అంటే కాలుష్యం ఏ ఫ్యాక్టరీ నుంచో రాలేదు, శుద్ధి చేసే పనిలోనే పుట్టింది. అదే కాలంలో అమెరికాలోనూ ఇట్లనే కనబడ్డది. 1979లో అమెరికా దీనికి మొదటి హద్దు పెట్టింది. ఇప్పుడు అక్కడ ట్రైహాలోమీథేన్లు నాలుగూ కలిపి లీటరుకు 80 మైక్రోగ్రాములు దాటొద్దు. హాలోఅసిటిక్ ఆమ్లాలు ఐదు కలిపి 60 దాటొద్దు.

మన దేశానికి కూడా హద్దులున్నయి. భారతీయ ప్రమాణాల సంస్థ వాళ్ల ఐఎస్ 10500, 2012లో సవరించింది. ఫోన్‌లో రాసిపెట్టుకోండి. క్లోరోఫాం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. బ్రోమోడైక్లోరోమీథేన్ 0.06. డైబ్రోమోక్లోరోమీథేన్ 0.1. బ్రోమోఫాం 0.1. ఈ నాలుగింటినే ట్రైహాలోమీథేన్లు అంటరు. హాలోఅసిటిక్ ఆమ్లాలు మన పట్టికలో లేవు. వాటిని కూడా చేర్చాలని అడగడం మన పని.

ఈ హద్దులు దాటిన నీళ్లు ఒక రోజు తాగితే ఏమీ కాదు. ఇది ఏండ్ల తరబడి, దశాబ్దాల తరబడి తాగితే వచ్చే ముప్పు గురించిన లెక్క. చాలా ఏండ్లు ఇట్లాంటి నీళ్లు తాగినోళ్లలో మూత్రాశయ క్యాన్సర్ కొంత ఎక్కువ కనబడ్డదని పరిశోధనలు చెప్పినయి. క్లోరోఫాంను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 'క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది' అనే వర్గంలో పెట్టింది. ఖాయంగా కలిగిస్తది అనే వర్గంలో పెట్టలేదు. నా స్టేటస్‌లో ఈ తేడా లేదు.

దాది అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. క్రిమి ఇయ్యాల చంపుతది, దాన్ని ముందు ఆపాలె. ఉప ఉత్పత్తి ఇరవై ఏండ్ల తర్వాత లెక్క చెప్తది, దాన్ని కూడా కొలవాలె. ఒకదాని పేరు చెప్పి ఇంకోదాన్ని వదిలేస్తే నష్టపోయేది మనమే.

ఇప్పుడు మన వికారాబాద్, తాండూరుకు వద్దాం. ఇది మనకెందుకు?

మన ఊర్లల్లో, తండాల్లో ఏండ్ల తరబడి బోరు నీళ్లే తాగిన్రు. ఈ నాపరాయి నేలలో నీళ్లు గట్టిగా ఉంటయి. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. కొన్నిచోట్ల ఫ్లోరైడ్ భయం. బోరు నీళ్లలో ఆకు, నాచు, మట్టి సారం మామూలుగా తక్కువ కాబట్టి క్లోరిన్ కలిపినా ట్రైహాలోమీథేన్లు తక్కువే పుడతయి. 2016లో మిషన్ భగీరథ మొదలైనంక మన నల్లాల్లోకి కృష్ణా నీళ్లు వచ్చినయి. ఊర్లల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలని ఆ పథకం లెక్క. తాండూరు పట్నం అంతకుముందు నుంచీ కాగ్నా వాగు నీళ్లు తాగుతున్నది. ఇది మంచి మార్పు. మా యాడి బోరింగ్ కొట్టీ కొట్టీ భుజం నొప్పి తెచ్చుకున్నది, నేను ఆ పథకాన్ని చిన్నబుచ్చను. అయితే నీళ్లు మారితే అడగాల్సిన ప్రశ్నలు కూడా మారుతయి. జలాశయం నీళ్లలో, వాగు నీళ్లలో ఆకులు, నాచు, కొత్త వరద తెచ్చే మట్టి ఉంటయి. శుద్ధి కేంద్రంలో పటిక వేసి, ఇసుకలో వడగట్టి వాటిని ఎంత బాగా తీసేస్తే, తర్వాత కలిపే క్లోరిన్‌తో అంత తక్కువ ఉప ఉత్పత్తులు పుడతయి.

ఇంకో నాలుగు సంగతులు ఈ ఉప ఉత్పత్తులను పెంచుతయి. క్లోరిన్ ఎక్కువ వేయడం ఒకటి. నీళ్లు పైపులో, ట్యాంకులో ఎక్కువసేపు ఉండడం రెండు. ఎండ వేడి మూడు. నీళ్ల పీహెచ్ ఎక్కువ ఉండడం నాలుగు. మన తండాలను తలుచుకోండి. శుద్ధి కేంద్రం నుంచి కిలోమీటర్ల కొద్దీ పైపు. చివర్లో తండా. ఏప్రిల్, మే ఎండలు. మూత సరిగ్గా లేని ట్యాంకు, లోపల వేపాకులు, అడుగున బురద. దాంట్లో మళ్లీ బ్లీచింగ్ కలుపుతరు, అదీ దోసిలి లెక్కన. అందుకే పరీక్ష ఎక్కడో శుద్ధి కేంద్రం గేటు దగ్గర చేసి 'నీళ్లు బాగున్నయి' అంటే సరిపోదు. పరీక్ష చివరి నల్లా దగ్గర చేయాలె. చివరి నల్లా అంటే చాలాసార్లు మన తండాదే.

దోసిలి లెక్క గురించి కొంచెం చెప్తా. మా నీళ్ల కాకాను నేను తప్పు పట్టను. ఆయనకు ఎవరూ తూకం ఇవ్వలేదు, లెక్క చెప్పలేదు. లెక్క చాలా సులువు. 40 వేల లీటర్ల ట్యాంకు అనుకుందాం. లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ కలపాలంటే మొత్తం 80 గ్రాములు కావాలె. మంచి బ్లీచింగ్ పౌడర్‌లో దాదాపు 30 శాతమే క్లోరిన్ ఉంటది. కాబట్టి పౌడర్ 270 గ్రాములు. అదే సంచి మూతి కట్టకుండా ఎండలో, చెమ్మలో పడి ఉంటే బలం సగానికి పడిపోతది. అప్పుడు 270 గ్రాములు వేసినా సగం పనే జరుగుతది. భగీరథ నీళ్లలో ముందే క్లోరిన్ ఉంటది కాబట్టి ట్యాంకులో ఇంత కలపాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. ఎంత కావాలో చివరి నల్లా దగ్గర మిగిలిన క్లోరిన్ చూసి తగ్గించడం, పెంచడం చేయాలె. వాసనను బట్టి కాదు, దోసిలిని బట్టి కాదు.

ఇగ పరీక్షల సంగతి. మూడు మెట్లు అనుకోండి.

మొదటి మెట్టు, మిగులు క్లోరిన్. ఇది రోజూ చేయాలె. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే రంగు వస్తది. ఆ రంగును పక్కనున్న పట్టీతో పోల్చాలె. చివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలె, 1 మిల్లీగ్రాము దాటొద్దు. సున్నా వస్తే ఆ రోజే పంచాయతీకి చెప్పాలె. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊరిలో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష కిట్టు వాడడం నేర్పాలని ఉన్నది. మీ ఊరిలో ఆ ఐదుగురు ఎవరో తెలుసుకోండి. కిట్టు బీరువాలో తాళం కింద ఉంటే బయటికి తీయించండి.

రెండో మెట్టు, క్రిములు. వానలకు ముందు ఒకసారి, వానల్లో ఒకసారి, తర్వాత ఒకసారి. కిట్టులో ఉండే చిన్న సీసాలో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, మురుగు క్రిములుంటే నీళ్లు నల్లబడతయి. అట్లా నల్లబడితే ల్యాబ్‌కు పంపాలె. 100 మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కొలై ఒక్కటి కూడా ఉండొద్దు.

మూడో మెట్టు, ట్రైహాలోమీథేన్లు. ఇది కిట్టుతో కాదు. రంగుతో, వాసనతో, రుచితో తెల్వదు. బ్లీచింగ్ వాసన రావడం అంటే క్లోరిన్ ఉన్నదని మాత్రమే. ఉప ఉత్పత్తులు ఎన్ని ఉన్నయో ఆ వాసన చెప్పదు. వాటిని గ్యాస్ క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం మీద చూస్తరు. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో, ఆ గుర్తింపు ఈ పరీక్షకు కూడా ఉన్నదా అని అడిగి మరీ చేయించాలె. ఖర్చు ఎక్కువ కాబట్టి ఇంటింటికీ చేయించే పరీక్ష కాదు ఇది. ఒక పైపులైను మీద ఉన్న ఊర్లు, తండాలు కలిసి, ఆ లైను చివరి నల్లా దగ్గర ఏడాదికి రెండుసార్లు చేయమని ప్రభుత్వాన్ని అడగాలె. నడి ఎండాకాలంలో ఒకటి, కొత్త వరద నీళ్లు వచ్చినప్పుడు ఇంకొకటి.

నమూనా తీసేటప్పుడు పక్కన నిలబడండి. ఇక్కడే పరీక్ష పాడయ్యేది. క్లోరోఫాం గాలిలోకి ఎగిరిపోయే గుణం ఉన్నది. కూల్‌డ్రింక్ సీసాలో సగం పట్టి పంపితే అది పైనున్న ఖాళీలోకి పోతది, ల్యాబ్‌లో తక్కువ కనబడతది. ఇంకోవైపు, సీసాలో క్లోరిన్ మిగిలి ఉంటే దారి పొడుగునా కొత్తవి పుడుతూనే ఉంటయి, ఎక్కువ కనబడతది. అందుకే ల్యాబ్ వాళ్లు ఇచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసానే వాడాలె. దాని అడుగున క్లోరిన్‌ను ఆపే పొడి కొంచెం ఉంటది. కడిగి పారబోయొద్దు. నల్లాను కొన్ని నిమిషాలు ఇడిచి, ధార సన్నం చేసి, సీసా అంచు మీద నీళ్లు ఉబ్బేదాకా నింపాలె. మూత పెట్టి తలకిందులు చేసి చూడాలె. గాలి బుడగ కనబడితే మళ్లీ చేయాలె. తర్వాత ఐస్ డబ్బాలో పెట్టి పంపాలె. చోటు, తేదీ, టైము, అప్పుడు ఉన్న మిగులు క్లోరిన్ ఎంతనో చీటీ మీద రాయాలె. మీ ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి.

రిపోర్టు వచ్చినంక కొలమానం చూడండి. కొందరు మిల్లీగ్రాముల్లో రాస్తరు, కొందరు మైక్రోగ్రాముల్లో. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. 0.2 మిల్లీగ్రాములు, 200 మైక్రోగ్రాములు రెండూ ఒకటే. 'క్లోరోఫాం 45' అని చూడంగనే భయపడి నాలెక్క స్టేటస్ పెట్టకండి. అది మైక్రోగ్రాములైతే మన హద్దుకు చాలా కింద ఉన్నట్టు.

ఒకవేళ హద్దు దాటితే ఏం అడగాలె? క్లోరిన్ ఆపమని అడగొద్దు. ట్యాంకు కడిగించమని, మూత పెట్టించమని, పైపు చివర్లో నిలిచిన నీళ్లు వదిలించమని, బ్లీచింగ్ తూకం ప్రకారం వేయమని, శుద్ధి కేంద్రంలో ఆకు మట్టి సారాన్ని ముందే బాగా తీయమని అడగాలె. ఇంట్లో అయితే నీళ్లు కాచి చల్లార్చుకుంటే క్లోరోఫాం చాలావరకు ఎగిరిపోతది, క్రిములు కూడా చస్తయి. బిందె మీద మూత పెట్టండి, చెయ్యి ముంచకుండా పిడి ఉన్న చెంబుతో తీసుకోండి. ఇరవై లీటర్ల క్యాన్ కొంటే బాధ తీరిందనుకోకండి. ఆ నీళ్లకు పరీక్ష ఎప్పుడు చేసిన్రో అది అమ్మేటాయనను కూడా అడగాలె.

చివరగా హక్కు గురించి. మూసీ నది మన అనంతగిరి కొండల్లో పుట్టింది. దాని మీద 1920లో ఉస్మాన్‌సాగర్ కట్టిన్రు, మూసీలో కలిసే ఈసా మీద 1927లో హిమాయత్‌సాగర్ కట్టిన్రు. ఆ రెండు చెరువుల నీళ్లు పట్నం తాగుతదని, చుట్టూ పది కిలోమీటర్ల దాకా కాలుష్యపు ఫ్యాక్టరీలు రావొద్దని 1996లో 111 జీవో తెచ్చిన్రు. ఒక నూనె ఫ్యాక్టరీ ఆ గీత దాటి రావాలని చూస్తే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఫ్యాక్టరీ కుదరదని, తాగునీరు ప్రాణంతో ముడిపడ్డ హక్కు అని 2000లో కోర్టు చెప్పింది. 1991లో సుభాష్ కుమార్ కేసులో కూడా కాలుష్యం లేని నీళ్లు 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. మన కొండ నీళ్లు తాగే పట్నానికి ఉన్న ఆ హక్కు, ఆ కొండ కింద ఉన్న తండాకు కూడా ఉన్నది. మన వికారాబాద్ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, మనకు పెసా చట్టం వర్తించదు. అయినా గ్రామసభ ఉన్నది, సమాచార హక్కు చట్టం ఉన్నది. 2018 చట్టంతో చాలా తండాలు పంచాయతీలైనయి, సర్పంచ్ మనోడే. సాకు చెప్పడానికి లేదు.

సమాచార హక్కు దరఖాస్తులో ఈ నాలుగు ప్రశ్నలు రాయండి. మా లైనులో ట్రైహాలోమీథేన్ల పరీక్ష చివరిసారి ఏ తేదీన చేసిన్రు? ఏ నల్లా దగ్గర నమూనా తీసిన్రు? ఒక్కో రసాయనం ఎంత వచ్చింది? మా ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగిన్రు? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలె. ఆ జవాబును గ్రామసభలో గట్టిగా చదవండి.

మా తండా సంగతి చెప్పి ముగిస్తా. నేను ఆ స్టేటస్ తీసేసిన. ఇల్లిల్లు తిరిగి 'నేను సగమే చెప్పిన, తప్పయింది' అని చెప్పిన. సిగ్గేసింది, కానీ చెప్పిన. కాకాకు ఒక చిన్న తూకం కొనిచ్చినం. ట్యాంకు కడిగినప్పుడు అడుగున బురద బకెట్ల కొద్దీ వెళ్లింది. ఇప్పుడు ట్యాంకు గోడ మీద ఒక పలక ఉంటది, చివరి ఇంటి నల్లా దగ్గర ఆ రోజు మిగులు క్లోరిన్ ఎంతో దాని మీద సుద్దముక్కతో రాస్తరు. ఆ చివరి ఇల్లు మా దాదిదే. ఆమెకు చదువు రాదు, కానీ రంగు పట్టీ చూసి చెప్తది. పసుపు రంగు రాకపోతే కాకాను కేకేస్తది.

మూడో మెట్టు మాకు ఇంకా మిగిలి ఉన్నది. దరఖాస్తు రాసినం, పక్క తండాల వాళ్లతో సంతకాలు పెట్టిస్తున్నం. మీ ఊరి నుంచి కూడా ఒకటి పోవాలె. ఈ వారంలోనే మీ లైను చివరి నల్లా ఎవరింట్లో ఉన్నదో వెతకండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

జోహార్.